ఫ్రీజర్ ఉంటే సరిపోదు.. ఇలా వాడితేనే డబ్బు ఆదా! టమాటా నుంచి మటన్ దాకా ఏది ఎన్నాళ్లు ఆగుతుందంటే..

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ: టమాటా కిలో పదిహేను, ఇరవైకి దొరికినప్పుడు సంచి నిండా తెచ్చుకుంటారు. నాలుగు రోజులు తిరగకుండానే సగం మెత్తబడి చెత్తబుట్టలో పడతాయి. రెండు నెలలయ్యాక అదే టమాటా రేటు విని అరకిలోతో సరిపెట్టుకుంటారు. మూడు ఊళ్లలోనూ చాలా ఇళ్ల తీరు ఇదే. 2023 జూలైలో కిలో టమాటా వంద దాటి, చాలా చోట్ల 150 కూడా దాటింది. 2022 ఏప్రిల్‌లో ఒక్క నిమ్మకాయే పది రూపాయలు పలికింది. నిమ్మకు పేరున్న నకిరేకల్ మార్కెట్ ఇదే హైవే మీద ఉన్నా ఇక్కడి వాళ్లకు ఆ మంట తప్పలేదు.

ఇలాంటి రోజుల కోసం ముందే దాచుకునే చోటు వంటింట్లోనే ఉంది. అదే ఫ్రిజ్ పైభాగంలోని ఫ్రీజర్. కానీ చాలా ఇళ్లలో అందులో ఉండేది ఐస్ ముక్కలు, పిల్లల ఐస్‌క్రీమ్, ఎప్పుడు పెట్టారో ఎవరికీ గుర్తులేని ఓ చికెన్ కవర్.. అంతే.

ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం 2024లో విడుదల చేసిన ఆహార వృథా నివేదిక ప్రకారం 2022లో ప్రపంచవ్యాప్తంగా 105 కోట్ల టన్నుల ఆహారం వృథా అయింది. అందులో 63.1 కోట్ల టన్నులు ఇళ్ల నుంచి పోయిందే. మన దేశంలో ఇళ్లలో ఒక్కో మనిషికి ఏడాదికి 55 కిలోలు అని ఆ నివేదిక అంచనా. ఇందులో తొక్కలు, ఎముకల్లాంటివి కూడా కలిసే ఉంటాయి. అయినా నలుగురున్న ఇంటికి లెక్కేస్తే 220 కిలోలు. డబ్బులు పెట్టి కొని, మోసుకొచ్చి, పారేస్తున్న బరువు ఇది.

దాచుకోవడం మనకు కొత్తేం కాదు. ఒరుగులు, వడియాలు, ఊరగాయలు, ఎండు చేపలు, ఎండబెట్టిన మాంసం ఒట్టి తునకలు.. ఇవన్నీ రేటు లేనప్పుడు, చేతినిండా ఉన్నప్పుడు దాచి, లేనప్పుడు తినడానికే పుట్టాయి. ఫ్రీజర్ కూడా అదే పని చేస్తుంది. కాకపోతే దానికి కొన్ని లెక్కలున్నాయి. అవి తెలియకపోతే డబ్బు మిగలదు సరికదా, కడుపు చెడుతుంది.

ఫ్రీజర్ ఏం చేస్తుంది? ఏం చేయదు?

ముందుగా తెలుసుకోవాల్సింది ఒక్కటే. ఫ్రీజర్ పాడైపోతున్న దాన్ని బాగు చేయదు. ఏ స్థితిలో పెడితే ఆ స్థితిలోనే తిరిగి ఇస్తుంది. గడ్డకట్టే చలిలో బ్యాక్టీరియా పెరగడం ఆగిపోతుందే తప్ప చాలావరకు చావదు. బయటకు తీసి వేడి తగలగానే మళ్లీ పెరగడం మొదలుపెడుతుంది. అందుకే 'రేపటికి పాడైపోయేలా ఉంది, ఫ్రీజర్‌లో పడేద్దాం' అనుకోవడమే మొదటి పొరపాటు. తాజాగా ఉన్న రోజే పెట్టాలి.

రెండోది వేగం. నెమ్మదిగా గడ్డకడితే ఆహారంలోని నీరు పెద్ద పెద్ద మంచు పలుకులుగా మారి లోపలి కణాలను చీల్చేస్తుంది. కరిగాక నీరంతా కారిపోయి ముక్క పిప్పిలా అవుతుంది. త్వరగా గడ్డకడితే పలుకులు చిన్నగా ఉంటాయి, రుచి నిలుస్తుంది. అమెరికాకు చెందిన క్లారెన్స్ బర్డ్స్‌ఐ 1910ల్లో కెనడాలోని లాబ్రడార్‌లో ఉన్నప్పుడు అక్కడి ఇన్యూట్ ప్రజలు పట్టిన చేపలు గడ్డకట్టే గాలిలో క్షణాల్లో బిగుసుకుపోవడం, నెలల తర్వాత వండినా తాజాగా ఉండటం గమనించారు. 1920ల్లో ఆయన చేసిన యంత్రాలతోనే ఇప్పుడు చూస్తున్న ఫ్రోజెన్ ఫుడ్ వ్యాపారానికి దారి పడింది.

ఇంట్లో ఆ యంత్రాలు ఉండవు. కానీ అదే సూత్రం పనికొస్తుంది. కిలో ముద్దగా కాకుండా పావుకిలో, అరకిలో ప్యాకెట్లుగా, పలకలా పల్చగా పరిచి పెడితే త్వరగా గడ్డకడుతుంది. కరగడం కూడా త్వరగానే అవుతుంది.

మీ ఫ్రీజర్ మైనస్ ఎంత?

ఆహారం ఎక్కువ కాలం నిల్వ ఉండాలంటే ఫ్రీజర్‌లో మైనస్ 18 డిగ్రీల సెల్సియస్ ఉండాలి. డబుల్ డోర్ ఫ్రిజ్‌లు, డీప్ ఫ్రీజర్లు సాధారణంగా దీన్ని అందుకుంటాయి. చిన్న సింగిల్ డోర్ ఫ్రిజ్‌లు అన్నిసార్లూ అందుకోవు. ఎండాకాలంలో 45 డిగ్రీలు తాకే ఊళ్లివి. తలుపు పదే పదే తీస్తుంటే ఇంకా కష్టం.

కొన్ని ఫ్రీజర్ల తలుపు మీద మంచు పువ్వుల్లాంటి నక్షత్రాలు ఉంటాయి. ఒక నక్షత్రం అంటే మైనస్ 6, రెండైతే మైనస్ 12, మూడైతే మైనస్ 18 డిగ్రీలు. కొనుక్కొచ్చిన ఫ్రోజెన్ ప్యాకెట్లను ఒక నక్షత్రం ఉన్నదాంట్లో వారం, రెండున్నదాంట్లో నెల, మూడున్నదాంట్లో మూడు నెలల వరకు ఉంచొచ్చన్నది వీటి లెక్క. కరెంట్ ఆదా గురించి చెప్పే స్టార్ రేటింగ్ లేబుల్ వేరు. ఐదు స్టార్లున్నాయి కదా అని ఫ్రీజర్ బాగా చల్లగా ఉంటుందని అనుకోవద్దు.

గుర్తు లేకపోతే ఫ్రిజ్ థర్మామీటర్ ఒకటి తెచ్చి రాత్రంతా లోపల ఉంచి పొద్దున్నే చూస్తే తెలిసిపోతుంది. లోపలి గోడలకు మంచు మందంగా పేరుకుపోయినా చల్లదనం సరిగా అందదు. అర సెంటీమీటరు దాటితే డీఫ్రాస్ట్ చేసేయండి. కత్తితో గీకొద్దు. గ్యాస్ పైపుకు చిల్లు పడితే ఫ్రిజ్ మొత్తానికే ఎసరు.

చోటు తక్కువ.. దేనికి ఇవ్వాలి?

చిన్న సింగిల్ డోర్ ఫ్రిజ్‌లో ఫ్రీజర్ చోటు సాధారణంగా పదిహేను, ఇరవై లీటర్ల లోపే. అందులో అన్నీ కుక్కితే ఏదీ సరిగా గడ్డకట్టదు. కాబట్టి రెండు ప్రశ్నలు వేసుకోండి. దీని రేటు ఏడాదిలో బాగా మారుతుందా? దంచి, ఉడికించి, పిండి కొంచెం చోటులో పట్టేలా చేయొచ్చా? రెండింటికీ అవునంటేనే ఫ్రీజర్‌లో చోటు ఇవ్వండి. ఉల్లిగడ్డ, ఆలుగడ్డ, గుమ్మడికాయ బయటే గాలి తగిలేలా ఉంచితే చాలు.

టమాటా: ఐదు కిలోలు ముక్కలు చేసి ఉడికించి, గ్రైండ్ చేసి, సగానికి సగం దగ్గరపడేదాకా మరిగించండి. పూర్తిగా చల్లారాక ఒక కూరకు సరిపడా చిన్న కవర్లలో పోసి పలకల్లా పెట్టేయండి. కిలో 20 ఉన్నప్పుడు ఐదు కిలోలకు 100 రూపాయలు. అదే 80 ఉన్నప్పుడు 400. ఒక్క విడతలోనే 300 తేడా.

నిమ్మరసం: వానాకాలంలో కాయలు చౌకగా ఉన్నప్పుడు పిండి, గింజలు తీసి ఐస్ ట్రేలో పోయండి. గడ్డకట్టాక ముక్కలను డబ్బాలోకి మార్చేయండి. ఎండాకాలంలో ఒక ముక్క వేస్తే ఒక గ్లాసు షర్బత్. అయితే బత్తాయి రసాన్ని మాత్రం ఇలా దాచొద్దు. నిల్వ ఉన్నకొద్దీ చేదెక్కుతుంది. నల్లగొండ బత్తాయి అప్పటికప్పుడు పిండుకుని తాగాల్సిందే.

పచ్చి కందులు, బఠాణీలు: సంక్రాంతి ముందు కందికాయ విరివిగా వస్తుంది. ఒలిచిన గింజలను రెండు నిమిషాలు మరిగే నీళ్లలో వేసి తీసి, చల్లార్చి, ఆరబెట్టి పెట్టండి.

గోంగూర, చింతచిగురు: గోంగూరను కొంచెం నూనెలో మగ్గబెట్టి దాచితే మేలు. చింతచిగురు నలిపి, పుల్లలు తీసేసి, గాలి లేకుండా కవర్‌లో నొక్కి పెట్టుకోవచ్చు. ఎండాకాలంలో దొరికే చిగురు వానాకాలం మటన్‌లోకి పనికొస్తుంది.

కరివేపాకు, కొత్తిమీర, కొబ్బరి, అల్లం వెల్లుల్లి: కరివేపాకు కడిగి తడి లేకుండా ఆరబెట్టి డబ్బాలో వేయండి. తీసి కరగనివ్వకుండా నేరుగా పోపులో వేసేయాలి. కొత్తిమీర తరిగి కొంచెం నీళ్లతో ఐస్ ట్రేలో, కొబ్బరి తురిమి చిన్న ప్యాకెట్లలో, అల్లం వెల్లుల్లి ముద్ద చెంచా చెంచాగా గడ్డకట్టించి పెట్టుకోండి.

మామిడి: ఆంధ్రా వైపు నుంచి వచ్చే నూజివీడు రసాలు చౌకగా దిగినప్పుడు గుజ్జు తీసి దాచుకుంటే శ్రావణమాసంలో కూడా పిల్లలకు మామిడి రసం పోయొచ్చు.

కూరగాయలకు మరిగే నీళ్ల స్నానం తప్పనిసరి

బీన్స్, గోబీ, క్యారెట్ లాంటివి పచ్చిగానే ఫ్రీజర్‌లో పెడితే కొన్ని వారాలకు రంగు, రుచి పోతాయి. కూరగాయల్లోని ఎంజైమ్‌లు చలిలోనూ నెమ్మదిగా పని చేస్తూనే ఉంటాయి. వాటిని ఆపాలంటే ముందు మరిగే నీళ్లలో కాసేపు వేసి, వెంటనే చల్లటి నీళ్లలోకి తీయాలి.

బీన్స్‌కు 3 నిమిషాలు, క్యారెట్ ముక్కలకు 2 నిమిషాలు, గోబీకి 3 నిమిషాలు, బఠాణీలకు నిమిషంన్నర, ఆకుకూరలకు 2 నిమిషాలు, బెండకాయలకు 3 నిమిషాలు. నీళ్లు మళ్లీ మరగడం మొదలైనప్పటి నుంచి లెక్క. ఎంతసేపు వేడి నీళ్లలో ఉంచారో అంతసేపు చల్లటి నీళ్లలో ఉంచి, బట్ట మీద పరిచి తడి పోయాకే ప్యాక్ చేయండి. తడి ఉంటే ముక్కలన్నీ ఒకే గడ్డగా అతుక్కుపోతాయి. ముందు పళ్లెంలో విడివిడిగా పరిచి రెండు మూడు గంటలు గడ్డకట్టించి, తర్వాత కవర్‌లో పోస్తే కావాల్సినన్ని గుప్పెళ్లు తీసుకోవచ్చు.

అన్నం, ఇడ్లీ, చపాతీ.. మిగిలితే?

నాగార్జునసాగర్ ఎడమ కాల్వ కింద వరి, మిర్యాలగూడ చుట్టూ రైస్ మిల్లులు.. అన్నం లేని పూట ఉండని ప్రాంతమిది. ఇళ్లలో ఎక్కువగా మిగిలేదీ అన్నమే. ఇక్కడే జాగ్రత్త ఎక్కువ కావాలి. బియ్యంలో బాసిల్లస్ సెరియస్ అనే బ్యాక్టీరియా విత్తులు ఉంటాయి. ఉడికించినా చావవు. అన్నం గంటల తరబడి గది వేడిలో ఉంటే అవి మొలకెత్తి విషాన్ని తయారుచేస్తాయి. ఆ విషం మళ్లీ వేడి చేసినా పోదు.

కాబట్టి మధ్యాహ్నం వండిన అన్నం రాత్రి దాకా గిన్నెలో ఉంచి, అప్పుడు ఫ్రీజర్‌లో పెడితే ఉపయోగం లేదు. మిగులుతుందని తెలియగానే వెడల్పాటి పళ్లెంలో పల్చగా పరిచి, ఫ్యాన్ కింద ఆవిరి పోనిచ్చి, గంటలోపు ఒక మనిషికి సరిపడా డబ్బాల్లో పెట్టేయండి. తినేటప్పుడు కొంచెం నీళ్లు చల్లి, పొగలు వచ్చేదాకా వేడి చేస్తే చాలు. పులిహోరకు, ఎగ్ రైస్‌కు ఈ అన్నం పలుకు పలుకుగా బాగా వస్తుంది.

ఇడ్లీ పిండి గడ్డకట్టిస్తే తర్వాత పొంగడం తగ్గుతుంది. దాని బదులు ఇడ్లీలు ఉడికించి, చల్లార్చి దాచడం నయం. తీసి ఆవిరికి ఐదారు నిమిషాలు పెడితే మెత్తగా అవుతాయి. చపాతీలు సగం కాల్చి మధ్యలో బటర్ పేపర్ పెట్టి పేర్చండి. పప్పు, సాంబారు, రాజ్మా, శనగల కూర బాగా ఆగుతాయి. కాకపోతే సాంబారులో ఆలుగడ్డ, ములక్కాయ ముక్కలు మెత్తబడి చెదిరిపోతాయి.

వంటలే కాదు, రవ్వ, శనగపిండి, గోధుమపిండికి కూడా ఫ్రీజర్ పనికొస్తుంది. కొత్తగా తెచ్చిన ప్యాకెట్లను మైనస్ 18లో నాలుగు రోజులు ఉంచి తీస్తే పురుగు గుడ్లు చచ్చిపోతాయి. తర్వాత పూర్తిగా గది వేడికి వచ్చేదాకా ప్యాకెట్ విప్పొద్దు. లేదంటే చెమ్మ పట్టేస్తుంది.

మటన్, చికెన్, చేపలు: గంటలే కీలకం

రెండేళ్లకోసారి సూర్యాపేట దగ్గర దురాజ్‌పల్లిలో జరిగే పెద్దగట్టు లింగమంతుల స్వామి జాతరకు లక్షల మంది వస్తారు. మొక్కులు తీర్చుకుని మాంసంతో ఇంటికి తిరిగెళ్లే కుటుంబాలకు లెక్కే లేదు. ఇలాంటి జాతర్లలో, దావత్‌లలో ఒక్కసారిగా చేతికొచ్చే మాంసం ఫ్రీజర్‌కు అసలు పరీక్ష.

పచ్చి మాంసం గది వేడిలో రెండు గంటలకు మించి ఉండకూడదు. బయట 32 డిగ్రీలు దాటితే గంటే. ఆటోలో, బండి డిక్కీలో మూడు గంటలు తిరిగిన మాంసాన్ని ఫ్రీజర్ కాపాడలేదు. దూరం వెళ్లాల్సి ఉంటే ఐస్ వేసిన డబ్బా వెంట తీసుకెళ్లాలి. అది లేకపోతే అక్కడే వండుకుని తినేయడం, పంచేయడం మంచిది.

ఇంటికొచ్చాక అరకిలో చొప్పున విడదీసి, నీళ్లు పూర్తిగా వంపి, గాలి లేకుండా పల్చగా ప్యాక్ చేయండి. కడిగిన సింకును, కత్తిపీటను సబ్బుతో శుభ్రం చేసుకోవడం మర్చిపోవద్దు. ఐదారు కిలోలు ఒకేసారి చిన్న ఫ్రీజర్‌లో కుక్కితే మధ్యలో ఉన్న ప్యాకెట్ గడ్డకట్టడానికి రోజు పైనే పడుతుంది. అంతసేపూ లోపల ముందే ఉన్న వాటికీ వేడి తగులుతుంది. సగం వండేసి, సగం పచ్చిగా దాచడం తెలివైన పని.

చేపల్లో రవ్వ, బొచ్చె, తెలంగాణ రాష్ట్ర చేప కొర్రమీను.. ఏదైనా పొలుసు, పేగులు, మొప్పలు తీసేసి ముక్కలు కొట్టించాకే పెట్టాలి. ఉప్పు, కారం, పసుపు పట్టించి పెట్టే అలవాటు చాలా ఇళ్లలో ఉంది. వారం పది రోజుల్లో వండేస్తే ఫర్వాలేదు. ఎక్కువ రోజులైతే ఉప్పు వల్ల చేపలోని కొవ్వు త్వరగా ముక్కిపోతుంది.

వీటిని ఫ్రీజర్‌లో పెట్టొద్దు

– గుడ్లు పెంకుతో సహా: లోపలిది ఉబ్బి పెంకు పగులుతుంది. కొట్టి గిలకొట్టి డబ్బాలో పెట్టుకోవచ్చు. ఉడికించిన గుడ్డు తెల్లసొన రబ్బరులా మారుతుంది.

– పెరుగు, మజ్జిగ పులుసు: నీళ్లు, ముద్ద వేరైపోతాయి.

– కీర, పుచ్చకాయ, ముల్లంగి, పచ్చి ఆలుగడ్డ: కరిగాక నీరు కారి మెత్తబడతాయి.

– వేపుళ్లు, బజ్జీలు, గారెలు: కరకర పోయి తడితడిగా అవుతాయి.

– వేడి వేడి గిన్నెలు: పక్కనున్న వాటిని కరిగిస్తాయి.

పాలు మాత్రం గడ్డకట్టించొచ్చు. కరిగాక కొంచెం విరిగినట్లు కనిపించినా టీకి, పాయసానికి, పన్నీరుకి పనికొస్తాయి. నీరు గడ్డకడితే దాదాపు 9 శాతం ఉబ్బుతుంది. కాబట్టి సీసాలో, డబ్బాలో పైన వేలెడంత ఖాళీ వదలండి. నిండా పోసిన గాజు సీసాలు పగిలిపోతాయి. సంతలో ఇచ్చే నల్ల కవర్లు వద్దు. ఫుడ్ గ్రేడ్ కవర్లు, మూత గట్టిగా పట్టే స్టీలు డబ్బాలు వాడండి.

ఏది ఎన్నాళ్లు?

మైనస్ 18 నిలకడగా ఉన్న ఫ్రీజర్‌లో రుచి నిలిచే కాలం ఇది.

– చికెన్ ముక్కలు: 9 నెలలు

– మటన్ ముక్కలు: 6 నెలలు

– కీమా: 3 నుంచి 4 నెలలు

– రవ్వ, బొచ్చె లాంటి చేపలు: 2 నుంచి 3 నెలలు

– వండిన మాంసం కూరలు: 2 నుంచి 3 నెలలు

– పప్పు, సాంబారు: 2 నుంచి 3 నెలలు

– అన్నం, ఇడ్లీ, చపాతీ: నెల

– మరిగే నీళ్లలో వేసి తీసిన కూరగాయలు, టమాటా గుజ్జు: 8 నెలలకు పైగా

సింగిల్ డోర్ ఫ్రిజ్ అయితే ఈ లెక్కలు పక్కన పెట్టి మాంసం, చేపలు, వండిన కూరలు నెలలోపే వాడేయడం మంచిది. ప్రతి ప్యాకెట్ మీద పేరు, తేదీ రాయండి. గడ్డకట్టాక అల్లం ముద్ద ఏదో, కొబ్బరి ఏదో పోల్చుకోలేరు. మాంసం మీద తెల్లటి ఎండిన మచ్చలు కనిపిస్తే భయం లేదు. అది గాలి తగిలి తేమ ఆరిపోయిన గుర్తు. ఆ ముక్క రుచి తగ్గుతుందే తప్ప తింటే హాని ఉండదు.

కరిగించేటప్పుడే అసలు ప్రమాదం

పొద్దున ఆఫీసుకు వెళ్తూ చికెన్ తీసి సింకు గట్టు మీద పెట్టి వెళ్లడం చాలా మందికి అలవాటు. పైభాగం గంటలోనే కరిగి గది వేడికి వస్తుంది. మధ్యలో ఇంకా రాయిలా ఉంటుంది. ఆ పైభాగంలో సాయంత్రం దాకా బ్యాక్టీరియా పెరుగుతూనే ఉంటుంది.

సరైన పద్ధతి ముందు రోజు రాత్రే ఫ్రీజర్ నుంచి కింది అరలోకి మార్చడం. రక్తం నీళ్లు కింద కారకుండా గిన్నెలో పెట్టండి. తొందరైతే గాలి, నీరు చొరని కవర్‌లో ఉంచి చల్లటి నీళ్లలో ముంచి, అరగంటకోసారి నీళ్లు మార్చండి. వేడి నీళ్లు వద్దు. టమాటా గుజ్జు, బఠాణీలు, పప్పు అసలు కరిగించాల్సిన పనే లేదు. నేరుగా గిన్నెలో వేసేయొచ్చు.

బయట గది వేడిలో కరిగిపోయిన పచ్చి మాంసాన్ని మళ్లీ ఫ్రీజర్‌లో పెట్టొద్దు. కరిగించి వండిన కూర మిగిలితే దాన్ని ఒకసారి గడ్డకట్టించొచ్చు. ఏదైనా సరే తినే ముందు బుడగలు వచ్చేదాకా మరిగించాలి.

కరెంట్ పోతే?

2024 ఆగస్టు 31, సెప్టెంబర్ 1 తేదీల్లో కురిసిన కుండపోత వానకు కోదాడలో కాలనీలు నీట మునిగాయి. నడిగూడెం మండలం కాగితరామచంద్రాపురం దగ్గర సాగర్ ఎడమ కాల్వకు గండి పడింది. హైదరాబాద్–విజయవాడ హైవే మీద రాకపోకలు నిలిచిపోయాయి. ఇలాంటి వరదల్లో, ఈదురుగాలుల్లో కరెంట్ ఎప్పుడు వస్తుందో ఎవరూ చెప్పలేరు.

తలుపు తీయకుండా ఉంటే నిండుగా ఉన్న పెద్ద ఫ్రీజర్ సుమారు 48 గంటలు, సగం నిండింది 24 గంటలు చల్లదనం నిలుపుకుంటుంది. ఫ్రిజ్ లోపలే ఉండే చిన్న ఫ్రీజర్‌కు అంత ఓపిక ఉండదు. కింది అరల్లోని ఆహారానికి నాలుగు గంటలే గడువు. ఖాళీ ఉంటే నీళ్ల సీసాలు గడ్డకట్టించి పెట్టుకోండి. కరెంట్ పోయినప్పుడు అవే కాపాడతాయి.

ఊరెళ్లేటప్పుడు ఓ చిట్కా. చిన్న కప్పులో నీళ్లు గడ్డకట్టించి, దాని మీద రూపాయి బిళ్ల పెట్టి ఫ్రీజర్‌లో ఉంచండి. తిరిగొచ్చేసరికి బిళ్ల పైనే ఉంటే సరే. అడుక్కు పోయి ఉంటే లోపలివన్నీ ఒకసారి కరిగి మళ్లీ గడ్డకట్టినట్లే. అప్పుడు మాంసం, చేపలు, వండిన కూరలు పారేయాల్సిందే. వాసన చూసి నిర్ణయించొద్దు. రోగం తెచ్చే బ్యాక్టీరియాకు అన్నిసార్లూ వాసన ఉండదు. మంచు పలుకులు ఇంకా ఉండి, ఫ్రిజ్ అంత చల్లగానే ఉంటే తిరిగి గడ్డకట్టించొచ్చు. వరద నీరు తగిలిన ఆహారాన్ని మాత్రం ఎలా ఉన్నా తినొద్దు.

వేరే డీప్ ఫ్రీజర్ కొనాలా?

ఇంట్లో ఉన్న ఫ్రిజ్ ఎలాగూ నడుస్తూనే ఉంటుంది. దాని ఫ్రీజర్ నింపినందుకు బిల్లు పెద్దగా పెరగదు. కొత్తగా డీప్ ఫ్రీజర్ కొనేవాళ్లే లెక్క వేసుకోవాలి. లేబుల్ మీద ఏడాదికి ఎన్ని యూనిట్లో ఉంటుంది. ఉదాహరణకు 360 అని ఉంటే నెలకు 30 యూనిట్లు.

తెలంగాణలో గృహజ్యోతి పథకం కింద అర్హులైన ఇళ్లకు 2024 మార్చి నుంచి నెలకు 200 యూనిట్ల దాకా జీరో బిల్లు వస్తోంది. 200 దాటితే ఆ నెల మొత్తం బిల్లు కట్టాల్సిందే. ఎండాకాలంలో కూలర్, ఫ్యాన్లతో ఇప్పటికే 180 దగ్గర ఉన్న ఇంటికి ఆ 30 యూనిట్లు చాలా ఖరీదు. టమాటాలో మిగిలింది కరెంట్ బిల్లులో పోతుంది. పెద్ద ఉమ్మడి కుటుంబం, కర్రీ పాయింట్, టిఫిన్ సెంటర్ నడిపేవాళ్లకు తప్ప మామూలు ఇంటికి ఉన్న ఫ్రీజర్‌ను సరిగా వాడుకోవడమే లాభం.

ఈ ఆదివారమే మొదలుపెట్టాలంటే..

ముందు ఫ్రీజర్ ఖాళీ చేయండి. తేదీ తెలియనివి, కవర్ చిరిగినవి తీసేయండి. మంచు కరిగించి, తుడిచి, మళ్లీ ఆన్ చేయండి. రైతుబజార్‌లో ఆ రోజు బాగా చౌకగా ఉన్నది ఒక్కటే ఎక్కువ తెచ్చుకోండి. అదే రోజు చిన్న ప్యాకెట్లు చేసి తేదీ రాసి పెట్టేయండి. లోపల ఏమేం ఉన్నాయో ఓ కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించండి. తీసినప్పుడల్లా కొట్టేయండి. ముందు పెట్టింది ముందు వాడాలి.

వారానికి ఒక పూట 'ఈ రోజు కొత్త కూర లేదు, ఫ్రీజర్‌లో ఉన్నదే' అని పెట్టుకోండి. దాచింది తినకపోతే అది పొదుపు కాదు. రెండు నెలలు ఆలస్యంగా పారేయడమే.